లిస్టులో లేని కాలేయం

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో ఇరవై ఆరేళ్లు అరిగిపోయిన మనిషి కాబట్టి వీధిలో అందరికీ ఆవిడ పోస్టక్కే. ఎంత కోడిగీతల రాతనైనా ఒక్క చూపులో చదివి సరైన గూట్లో పడేస్తుంది. నిలకడ మాత్రం పుట్టుకతోనే లేదు. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేలోపు సగం దారి వెళ్లిపోయే రకం.

ఆ రోజు ఆసుపత్రి గోడకు అంటించిన కాగితాన్ని ఏడోసారి చదువుతోంది. స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే కొత్త మందును రోగుల మీద పరీక్షిస్తున్నారు. క్యాన్సర్ ఒంట్లో ఏ మూల నక్కినా ఆ మందు బొమ్మలో పట్టిస్తుందని వాళ్ల ఆశ. ఏయే క్యాన్సర్లకో కింద రాశారు: పెద్దపేగు, క్లోమం, రొమ్ము, ఊపిరితిత్తులు. తమ్ముడికి ఉన్నది కాలేయంలో. ఆ మాటే లేదు. పేర్లు ఇవ్వడానికి సాయంత్రం వరకే గడువు.

"మనది లేదురా లిస్టులో," అని ఫోన్ చేసి చెప్పేసింది.

తమ్ముడిది క్షవరాల షాపు. "సర్లే అక్కా," అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ 'సర్లే' విన్నాక ఆవిడ ఊరుకోలేకపోయింది. వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఆ పరీక్షలు చూసే నర్సు గదిలోకి దూసుకెళ్లింది.

"కాలేయాన్నెందుకు వదిలేశారమ్మా? దానికేం తక్కువైంది? మా తమ్ముడికున్నది అక్కడే!"

నర్సు ఆ పరీక్షల ఫైలు తిరగేసింది. "మొదట ఎక్కడ వచ్చింది?"

"పెద్దపేగులో. అది రెండేళ్ల కిందటే కోసి తీసేశారుగా! ఇప్పుడున్నది కాలేయంలో."

"ఎక్కడికి పాకినా అది పెద్దపేగు క్యాన్సరేనమ్మా. పుట్టినచోటును బట్టే లెక్క. మిగతా పరీక్షలు సరిపోతే మీ తమ్ముణ్ణి తీసుకుంటాం."

పోస్టక్క నోరెళ్లబెట్టింది. ఇన్నేళ్లూ ఉత్తరం ఎక్కడికి చేరాలో చూడడమే తప్ప, ఎక్కడ బయలుదేరిందో చూసిన పాపాన పోలేదు. జబ్బునూ అలాగే చదివింది. తనను తాను నాలుగు తిట్టుకుని మళ్లీ ఫోన్ కలిపింది.

"ఒరేయ్, ఉందిరా! ఉన్నపళంగా బయలుదేరు."

"దాంతో నయమవుతుందా అక్కా?"

"నయం చేసే మందు కాదురా. ఎక్కడెక్కడుందో చూపిస్తుందంతే."

అటువైపు కత్తెర కింద పెట్టిన చప్పుడైంది. "వస్తాను. కానీ రిపోర్టు ముందు నువ్వే చూడు. ఇంకెక్కడైనా కనిపిస్తే నువ్వే చెప్పు. డాక్టరు నోట వినలేను."

"అలాగేలేరా," అంది. పొద్దున్నుంచీ ఆ లిస్టులో చోటు కోసం కొట్టుకున్న మనిషికి, అందులో తమ్ముడు లేకపోతేనే బాగుండేదేమోనని మొదటిసారి అనిపించింది.