రేపమ్మ కిటికీ

యూనివర్సిటీలో ఫీజులు కట్టించుకునే కిటికీ వెనక కూర్చునే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు రేపమ్మ. అసలు పేరు ఏ జీతాల పట్టీలోనో ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిచే మనిషి ఆ భవనంలో ఒక్కరూ లేరు. గడువు ఆఖరి రోజున, లైను మెట్లు దిగి సైకిల్ స్టాండు దాకా పాకాక, ఆవిడ అద్దంలోని కంత దగ్గరికి వంగి, "సర్వర్ డౌన్. రేపు రండి" అనేది. ఇక చూస్కోండి తిట్లు! "పొద్దున్నించీ నిలబడ్డాం, కాళ్ళు పీకేస్తున్నాయి" అని ఒకడు, "ఈవిడ మొహం చూస్తేనే మిషను గుండె ఆగిపోద్ది" అని ఇంకొకడు. ఆవిడ వినబడనట్టు కిటికీకి చెక్క అడ్డం పెట్టేసేది.

నిజం చెప్పాలంటే ఆ సర్వర్‌కి ఏ రోగమూ లేదు. గుండ్రాయిలా ఉండేది. బల్ల కింద గోడలోకి పోయే నీలం తీగ ఒకటుంది. రేపమ్మ చెప్పు విప్పి, కాలి బొటనవేలితో ఆ తీగని కాస్త ఇవతలికి లాగేది. ఆఖరి రోజున మిషను పని చెయ్యకపోతే ఎవరి పేరూ కొట్టెయ్యకుండా గడువు మర్నాటికి జరగాలని ఏ మహానుభావుడో రాసిపెట్టి పోయాడు. అందుకని లైను చివర ఎవరైనా చేతిలో ఉన్న నోట్లనే మళ్ళీ మళ్ళీ తిరగేసుకుంటూ కనబడినా, ఫోన్లో "బాబాయ్, ఎలాగోలా సర్దు బాబాయ్" అని బతిమాలుకుంటూ వినబడినా, ఆ వేలు దానంతటదే కదిలేది. ఒక్క రోజు దొరికితే ఎక్కడో అక్కడ అప్పు పుడుతుంది. మర్నాడు అదే పిల్లాడు ఫీజు కట్టి, "దేవుడున్నాడ్రా, నిన్న సర్వర్ పోయింది" అని స్నేహితుడి వీపు చరిచేవాడు. పుణ్యమేమో దేవుడికి, తిట్లేమో ఈవిడకి. పంపకం అలా కుదిరిపోయింది.

ఆవిడకెందుకింత తాపత్రయం అంటారా? ఆవిడా ఇక్కడే చదువుకుంది. ఆ రోజుల్లో ఫీజన్నదే లేదు. పుస్తకాలు కొనుక్కుని బస్సెక్కి వస్తే చాలు. తమ్ముడి వంతు వచ్చేసరికి ఫీజు పుట్టింది. పుట్టిన దగ్గర్నించీ దానికి పెరగడమే తప్ప తగ్గడం తెలీదు. అప్పుడే ఈవిడకి ఈ కిటికీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం ఇంకా చేతిలో పడలేదు. ఆఖరి రోజున తమ్ముడు సగం డబ్బుతో వచ్చి, "అక్కా, మిగతాది రేపు తెస్తా, ఇవాళ్టికి రాసుకో" అన్నాడు. కొత్త ఉద్యోగం, పక్కన ఆఫీసరు, ఎదురుగా లైను. "రూలు ఒప్పుకోదురా" అంది. అతని పేరు కొట్టేశారు. "నువ్వు ఊరికే చదువుకున్నావు. నా దాకా వచ్చేసరికి కిటికీలో కూర్చుని వసూలు చేస్తున్నావు" అని ఒక్క మాటన్నాడు తమ్ముడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటే లేదు. టైర్లు బాగుచేసే షెడ్డులో చేరాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఆడపిల్లని కన్నాడు. ఈవిడ పంపిన డబ్బు తీసుకెళ్ళినవాడి చేతిలోనే సాయంత్రానికి తిరిగొచ్చింది. నీలం తీగ సంగతి చాన్నాళ్ళకి కాలికి తగిలి తెలిసింది. ఆ తగిలేదేదో ముందే తగిలి చావకూడదూ!

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఒంటిగదిలోకి మారింది. ఆదివారాలు మాత్రం పగవాడిక్కూడా వద్దు. వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి కొనుక్కోవచ్చు, కానీ ఆవిడ ఏ పూటకి ఆ పూట రెండు వంకాయలో నాలుగు బెండకాయలో కొనేది. అలాగైతేనే కూరగాయలమ్మితో రోజూ నాలుగు మాటలు పడతాయి. "ఏంటమ్మా, మీ ఇంట్లో చీమలకి వండుతున్నారా?" అనేది కూరగాయలమ్మి. ఆ వేళాకోళం కోసమే మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కిటికీలోంచి ఒక కాగితం లోపలికి వచ్చింది. తండ్రి పేరు దగ్గర తమ్ముడి పేరు. తలెత్తి చూస్తే అచ్చం తమ్ముడి మొహమే, అదే ముడిపడిన కనుబొమలు.

"మీరెవరో నాకు తెలుసు," అంది ఆ పిల్ల. "మాట్లాడొద్దని నాన్న చెప్పారు. రసీదు ఇస్తే వెళ్తా మేడమ్."

రసీదు ఇచ్చింది. మేనకోడలు మేడమ్ అనడమేమిటి, అత్తా అనాలి కదా! అయినా తనెవరో ఆ పిల్లకి తెలుసు. ఆ ఒక్కదానికే ఆవిడకి వారం రోజులు కడుపు నిండినట్టుంది. ఏదో ఒక రోజు, పొరపాటునైనా, ఆ నోట "అత్తా" అన్న మాట వినాలని ఆశ పుట్టింది. అదొక్కటే ఆశ.

ఆ పిల్ల ఫీజుకి గడువు నెలాఖరున. షెడ్డులో జీతాలిచ్చేది ఒకటో తారీఖున. ప్రతి ఆఖరి రోజునా రేపమ్మ లైనంతా వెతికేది. పిల్ల కనబడేది కాదు. తీగ ఊడేది. మర్నాడు పొద్దున్నే గబగబా వచ్చి కట్టేసి వెళ్ళిపోయేది.

ఆ ఏడు ఫీజులు ఒక్కసారిగా రెండింతలయ్యాయి. ఆఫీసరు తన గదిలో తీరిగ్గా సెలవిచ్చాడు: "ఊరికే ఇస్తే దేనికీ విలువుండదమ్మా." ఆయనా ఇక్కడ ఊరికే చదువుకున్నవాడే. "గాలి ఊరికే వస్తోంది కదండీ, ఎవరైనా ముక్కు మూసుకున్నారా?" అందావిడ. ఆఫీసరు ఫైలు తిరగేశాడు.

పిల్లలు మెట్ల మీద ధర్నాకి కూర్చున్నారు. మైకు మేనకోడలి చేతిలో ఉంది. "చదువు సరుకు కాదు! ఫీజు ఎత్తెయ్యాలి!" అని అరుస్తుంటే లోపల ఈవిడకి ఒళ్ళు పులకరించింది. నా పిల్లే, చూడండి ఎలా మాట్లాడుతోందో అని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. పక్కన ఎవరూ లేరు.

"రెండో డిమాండ్!" అంది పిల్ల. "ఆ దిక్కుమాలిన కిటికీ మూసెయ్యాలి! ఎప్పుడు చూడు సర్వర్ డౌన్, రేపు రా! ఫోన్లోనే కట్టుకునే ఏర్పాటు చెయ్యాలి!"

మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. చప్పట్లు మోగిపోయాయి. మొదటి డిమాండ్‌కి కూడా అన్ని చప్పట్లు పడలేదు.

సాయంత్రం ఆఫీసరు బయటికొచ్చాడు. మొదటిది కమిటీ పరిశీలిస్తుందన్నాడు. రెండోది అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకోడా మరి? వీళ్ళు అడగకముందే ఫోన్లో కట్టించుకునే కొత్త మిషను కొనిపెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు గెలిచామని ఒకరినొకరు ఎత్తుకుని గిరగిరా తిప్పుకున్నారు. నోరు తెరిచి చెబుదామా అనుకుంది రేపమ్మ. ఏమని చెబుతుంది? తీగ లాగుతున్నానని చెబితే ఉద్యోగం పోతుంది, పైగా నమ్మేదెవరు?

ఆవిణ్ణి పాత జవాబు పత్రాలు దాచే నేలమాళిగ గదికి మార్చారు. ట్యూబులైటు గుయ్యిమంటుంది, కాగితాల దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. రోజంతా కూర్చున్నా మనిషి మొహం కనబడదు. తిట్లు తిన్న రోజులే నయమనిపించింది. తిట్టడానికైనా మనిషి ఎదురుగా రావాలి కదా.

నెలాఖరు వచ్చింది. కొత్త మిషను సాయంత్రం అయిదింటికి తలుపు మూసింది. తెల్లారి ఒకటో తారీఖున తమ్ముడి జీతం వచ్చింది. పిల్ల ఫోను తీసి నొక్కితే "గడువు ముగిసింది, ప్రవేశం రద్దు" అని ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి. ఏడాది పోయినట్టే. ఆఫీసరు దగ్గరికి పరిగెత్తితే, "మేమేం చెయ్యం తల్లీ, మీరడిగిన మిషనే కదా, దానికి మా మాట పట్టదు" అన్నాడట.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పబోతుంటే నేలమాళిగ మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మేనకోడలు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. జరిగిందంతా చెప్పి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఒక్క సంగతి అడుగుతా, నిజం చెప్పండి," అంది. "ప్రతిసారీ నాన్న జీతం ఒక రోజు ఆలస్యమే. ప్రతిసారీ సరిగ్గా ముందు రోజే సర్వర్ పోయేది. పొద్దున్నించీ అదే తిరుగుతోంది బుర్రలో. అది... మీరు కావాలనే చేసేవారా?"

అవునన్న మాట నాలిక చివర దాకా వచ్చింది. ఆ ఒక్క మాటంటే చాలు, పిల్ల వచ్చి ఒళ్ళో పడుతుంది, అత్తా అంటుంది. ఇన్నేళ్ళ ఒంటరితనం ఆ గడపలోనే తీరిపోతుంది. కానీ పిల్ల చేతులు గుమ్మాన్ని ఎలా పట్టుకున్నాయో చూసింది. అవునంటే ఏం తెలుస్తుంది ఆ పిల్లకి? తన గొంతు తనే, అంతమంది ముందు, మైకు పెట్టి మరీ కోసుకున్నానని తెలుస్తుంది. తనతోపాటు ఇంకెంతమంది గొంతులో. సొంతవాళ్ళకి చేజేతులా కీడు చేశానన్న బరువు ఎంతుంటుందో రేపమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. తమ్ముడి విషయంలో మోస్తూనే ఉంది.

"అబ్బే," అంది. "అంత తెలివే ఉంటే ఇక్కడెందుకుంటానమ్మా? పాడు మిషను. నిజంగానే పోయేది."

పిల్ల గుండెల్నిండా ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య. నేనే అందర్నీ ముంచేశానేమోనని చచ్చిపోయాను మేడమ్."

"నువ్వేం చేశావు, మంచే అడిగావు. చదువు మానకు."

"మానను. ఈ ఏడాది షెడ్డులో నాన్నకి సాయం చేసి, వచ్చే ఏడు మళ్ళీ చేరతా." కళ్ళు తుడుచుకుంది. "వస్తాను మేడమ్."

అడుగులు మెట్లెక్కి వెళ్ళిపోయాయి. రేపమ్మ అన్నం డబ్బాకి మూత పెట్టేసింది. కాసేపు కుమిలి కుమిలి ఏడ్చింది, ఎలాగూ వినేవాళ్ళు లేరు. సాయంత్రం గదికి తాళం వేస్తూ, అటూ ఇటూ చూసి, "అత్తా" అని తనే ఒకసారి పైకి అని చూసుకుంది.