ఊడిన పన్ను, ఏడేళ్ళ సెక్షను

నల్లకోటు వేసుకున్న కొత్తలో నాకు దొరికిన మొదటి పెద్ద కేసు ఒక పన్నుది. నవ్వకండి. ఆ పన్ను వెనక ఏడేళ్ళ జైలుంది!

నా క్లయింటు కొత్తపేట వైపు తోటల్లో కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే మనిషి. ఒకరోజు లేతకాయలు కోశావంటూ తోట యజమాని ముసలాయన అతని తల్లిని ఎత్తి తిట్టాడు. ఇతను చెట్టు దిగి ఒక్క లెంపకాయ ఇచ్చాడు. ముసలాయన ముందుపన్ను ఊడి ఇసకలో పడింది.

మామూలు దెబ్బయితే ఏడాదికి మించి శిక్ష పడదు. అదే పన్ను విరిగినా, ఊడినా చట్టం దాన్ని ఎముక విరగడంతో సమానం చేసి ‘తీవ్రమైన గాయం’ అంటుంది. శిక్ష ఏడేళ్ళ దాకా పోతుంది. పోలీసులు ఆ సెక్షనే రాశారు. లెంపకాయ ఒకటే కదా, ఇదేం లెక్కండీ బాబూ అని నేను పుస్తకం మీద చిరాకుపడ్డాను.

“జైలంటే భయం లేదండి. ఏడేళ్ళు పోయేక ఈ కాళ్ళు చెట్టెక్కుతాయా అండి?” అన్నాడతను.

విచారణ రోజు యజమాని బోనెక్కాడు. మహా మర్యాదస్తుడు, ప్రతి ప్రశ్నకీ ముందు “ఆయ్”. ఎటు తిప్పి అడిగినా దొరకలేదు. ఒళ్ళు మండి, “ఒక్క దెబ్బకే ఊడిందంటే మీ పళ్ళు అంత గట్టివి కావేమోనండీ!” అన్నాను.

ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. “భలేవారే! వయసులో ఉన్నప్పుడు పందెం కాసి కొబ్బరికాయ పంటితో ఒలిచేవోణ్ణండి. మా ఊళ్ళో నన్ను గెలిచినోడు లేడండి, ఆయ్!”

మా తాతయ్యా అలాంటి పందేల వీరుడే. ముందుపన్ను అందులోనే పోగొట్టుకున్నాడు.

“మరి ఆ పందేల్లో మీ పళ్ళేం పోలేదాండీ?”

“ఒక్కటి పోయిందండి. ముందుదే. కట్టించుకున్నాను.”

“మరి లెంపకాయకి ఊడింది ఏ పన్నండీ?”

“అదేనండి. ఏ పన్నని నన్నెవరూ అడగలేదు కదండీ.”

అబ్బ, అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది! కట్టుడుపన్ను ఊడితే తీవ్రగాయం ఎలా అవుతుంది? జడ్జిగారు రాస్తున్న పెన్ను ఆపి, పెద్ద సెక్షను నిలవదన్నారు.

వరండాలో ముసలాయన నన్ను ఆపాడు. “పన్నుకి ఏడేళ్ళా అండి? నాకెవరూ చెప్పలేదేంటండీ!” మామూలు గాయమైతే దెబ్బ తిన్నవాడు తనంతట తానే రాజీ పడొచ్చు. ఆ మధ్యాహ్నమే కాగితం రాశాం.

సంతకం పెట్టి ఆయన నా క్లయింటు వైపు తిరిగాడు.

“ఎల్లుండి మా తోటలో కాయల దింపుంది. మీ అమ్మ జోలికి రాన్లే. ఎక్కుతావా?”

“ఎక్కుతానండి” అన్నాడతను. అని, మెట్ల మీద కూలబడి రెండు మోకాళ్ళూ పట్టుకుని ఏడ్చాడు.