ఈలకి విడిచిన ఖాళీ

గిద్యోను మంచోడే. కాదనేవాళ్ళు మైపాడులో ఎవురూ లేరు. కాకపోతే మొండోడు, ఆ మొండితనమంతా గిటారు దగ్గిరే. పగలు అల్లూరు పక్క రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు బాగుచేస్తాడు. నీళ్ళు చిలికి గాలి కలిపే ఆ చక్రాలు ఆగిపోయినాయంటే రొయ్యలు చచ్చి తేలతాయి గనక, వాడి ఫోనుకి తెరిపి ఉండదు. పని ముగించి, చేతులకంటిన గ్రీజు కడుక్కున్నాక మాత్రం ఫోను సంచిలో పడేసి గిటారు తీస్తాడు. పెళ్ళైనా, తిరణాలైనా, చర్చి పండగైనా మా ఊరి ఆర్కెస్ట్రాలో తీగ మీటేది వాడే.

పాడేవాళ్ళు గొంతు తడుపుకునేటప్పుడు మధ్యలో మాటల్లేని గిటారు ట్యూన్లు వాయిస్తారు గదా, వాటిల్లో వాణ్ణి మించినోడు లేడు. పాత క్యాసెట్లో ఎట్టా ఉంటే అట్టా, మక్కీకి మక్కీ దించేస్తాడు. అసలు వాయించినాయన వేలు జారి తీగ కీచుమన్నచోట వీడి వేలూ జారాల్సిందే. అది తప్పు గదా అంటే మీదబడి కరిచినంత పని చేస్తాడు. పెద్దోళ్ళు కట్టిపెట్టినదాన్ని మార్చడానికి మనమెవురం అంటాడు. అల్లూరులో డీజే నడిపే కిషోర్ బాబుది దీనికి పూర్తిగా ఎదురుదారి. పాత ట్యూను దొరికితే చాలు, దాన్ని ముక్కలు చేసి, తలకిందులు చేసి, డ్రమ్ములు దట్టించి, కట్టినోడొచ్చినా గుర్తుపట్టలేనట్టు చేసి వదులుతాడు. "చేపల పులుసులో సేమ్యా పాయసం పోసినట్టుందిరా" అని గిద్యోను ఒకసారి పెళ్ళి పందిట్లో అందరి ముందరా అనేసినాడు. ఆ పొద్దు నించి ఇద్దరికీ మాటల్లేవు.

అంత మాట పడింది ఒక ట్యూను గురించే. దాన్ని కట్టింది క్రీస్తురాజు, గిద్యోనుకి గిటారు పట్టుకోవడం నేర్పించిన మనిషి, వాడికి సొంత అన్న మాదిరి. వేటకి పోయి వచ్చి, వల దులిపి ఆరేసి, సందకాడ వాయించేవాడు. సముద్రం పోటెత్తినట్టు ఉంటదని జనం ఆ ట్యూనుకి పోటు అని పేరు పెట్టుకున్నారు. లావు తీగల మీద మొదలై, పైపైకి ఎక్కి ఎక్కి, ఇంక విరిగిపడద్ది అనుకునేచోట టక్కున ఆగిపోద్ది. అప్పుడు క్రీస్తురాజు అరచెయ్యి తీగల మీద ఆనించి, మొహం పైకెత్తి ఒక ఈల వేసేవాడు. ఈల ముగిసినాక గిటారు మళ్ళీ అందుకుని కిందికి దిగేది. గిటారు పిలిస్తే ఈల పలికినట్టుండేది. నెల్లూరు స్టూడియోలో ఒకసారి రికార్డు చేస్తే, అది ఈ కోస్తా అంతా ఫోన్లలో తిరిగింది.

ఆ క్రీస్తురాజు సముద్రంలో పోయినాడు. ఒడ్డుకి దగ్గిర్లోనే బోటు తిరగబడితే, కూడా ఉన్నోళ్ళు ఈదుకుంటా వచ్చినారు, ఆయన రాలేదు. మా సముద్రం ఎంత చెడ్డదైనా, తీసుకున్న మనిషిని ఎక్కడో ఒకచోట గట్టుకి చేరుస్తది. ఈయన్ని చేర్చలేదు. ఊరు చూసి చూసి, ఇంక జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుందామని పాస్టరు గారిని పంపిస్తే, క్రీస్తురాజు భార్య మహాలక్ష్మి వాకిట్లోనే ఆపేసింది. శవం కనిపించని చావు చావెట్టా అవుద్దయ్యా అని అడిగింది. ఆయన వచ్చిన దారినే తిరిగిపోయినాడు. ఆమె తాళి తియ్యలేదు, గాజులు తియ్యలేదు, మొగుడి చొక్కాలు ఉతికి ఆరేస్తానే ఉంది.

ఒక శనివారం ఆమే గిద్యోను ఇంటికొచ్చింది. మీ అన్న ట్యూను ఒడ్డున కూర్చుని వాయించు అబ్బయ్యా, దారి తప్పిన మనిషికి అది చెవినబడితే చాలు అన్నది. వదిన మాట తీసేసే ధైర్యం వాడికెక్కడిది? సందకాడ ఇద్దరూ పోయి బోట్ల అవతల ఇసకలో కూర్చున్నారు. వాయించే ముందు, వాడి అలవాటు ప్రకారం, చిన్న స్పీకరులో రికార్డు పెట్టుకుని ఒకసారి విన్నాడు. ఆ రికార్డులో ఈల మధ్యలో చిన్నగా తెగి, మళ్ళీ అతుక్కుంటది. ఆ రోజు క్రీస్తురాజుకి జలుబు, ఊపిరి తట్టుకుంది. విన్నాక గిద్యోను అదే మాదిరి వాయించినాడు. ఈల వచ్చేచోట చెయ్యి తీగల మీద ఆనించి, ఈల నడిచినంతసేపూ ఊరికే ఉన్నాడు. వెయ్యడం చాతగాక కాదు. అన్న ఈల తన నోట్లోంచి రావడం ఎంగిలి చేసినట్టు తోచింది.

అట్టా ప్రతి శనివారం సాగింది. కొన్నాళ్ళకి, ఆ ఖాళీలో, ఈల వినిపించింది.

చాలా దూరంగా, నీళ్ళ మీద నించి. ఏదో పిట్ట అనుకున్నాడు గిద్యోను. అనుకోక ఏం చేస్తాడు పాపం! తర్వాతి స్వరం మాత్రం వేళ్ళకి దొరకలేదు. మహాలక్ష్మి మొహం చూస్తే వెలిగిపోతా ఉంది. మళ్ళీ శనివారం ఈల మళ్ళీ వచ్చింది, ఇంకొంచెం దగ్గిరగా. ఆ కాస్త సేపూ గాలి ఆగిపోయేది. ఒడ్డున పడుకున్న కుక్కలు లేచి, మొరగకుండా, తోకలు ముడుచుకుని ఊళ్ళోకి పోయేవి. ఆ ఈల తడిగా ఉండేది, నోట్లో నీళ్ళుండగా వేసినట్టు. మహాలక్ష్మి మొదట్లో పొడి ఇసకలో కూర్చునేది. తర్వాత తడి ఇసకలోకి జరిగింది. తర్వాత ఈల వచ్చేసరికి లేచి నిలబడి పాదాలు నీళ్ళలో పెట్టేది. ఒక శనివారం మోకాళ్ళ దాకా దిగింది, గిద్యోను గిటారు పారేసి పోయి చెయ్యి పట్టుకుంటే, ఎందుకు ఆపినావని కోప్పడింది.

మర్నాడు చర్చి విడిచినాక క్రీస్తురాజు తల్లి మస్తానమ్మ వాణ్ణి పక్కకి పిలిచింది. కోడలు చీర తడుపుకుని ఇంటికి రావడం ముసలామె చూస్తానే ఉంది. నా బిడ్డ చచ్చిపోయినాడని నాకు తెలుసు, ఇది కూడా పోతే నా గతేంది అన్నది. ఇంక ఆ వాయింపు ఆపమన్నది. ఆపితే వదిన ఒక్కతే పోయి కూర్చుంటది పెద్దమ్మా, అప్పుడు చెయ్యి పట్టుకునేదానికి నేను కూడా ఉండను అన్నాడు వాడు.

"సముద్రం మీద నించి ఎవురన్నా పిలిస్తే ఒక్క పిలుపుకి పలకగూడదని మా అవ్వోళ్ళు నేర్పించినారు నాయనా," అన్నది ముసలామె. "మనిషైతే మళ్ళీ పిలుస్తాడని. మనమే ఒడ్డున కూర్చుని పిలవగూడదని మాత్రం నేర్పలేదు. అట్టాంటి పని ఎవురూ చెయ్యరు గనక."

గిద్యోనుకి అప్పుడు తెలిసొచ్చింది. పిలిచింది తనే. ఖాళీ విడిచిపెట్టి, ఇదిగో ఇక్కడ పలుకు అని చోటు చూపించిందీ తనే. దాన్ని నింపేస్తే సరిపోద్ది గదా అనొచ్చు మీరు. చెప్పడం తేలికే. జన్మంతా ఒక్క స్వరం పొల్లు పోకుండా వాయించినోడి వేళ్ళకి ఇంకోదారి తెలిస్తే గదా! మార్చడం తెలిసినోడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. సిగ్గు చంపుకుని అల్లూరు పోయినాడు.

కిషోర్ బాబు ఎగతాళి చేస్తాడనుకుంటే, చెయ్యలేదు. కుర్చీ వేసినాడు, టీ తెప్పించినాడు. పాయసం కావాల్సి వచ్చిందా అన్నా అని ఒక్క పోటు మాత్రం పొడిచి ఊరుకున్నాడు. రీమిక్సు కోసమని ఎప్పుడో పోగుచేసిన వీడియోలు కంప్యూటర్లో వరసగా వినిపించినాడు, అన్నీ స్టేజీల మీద క్రీస్తురాజు వాయించినవే. ఒక పెళ్ళిలో ఈల పొడుగ్గా సాగింది. ఒక తిరణాలలో రెండు ముక్కలుగా ఎగిరింది. ఇంకోచోట పిల్లల్ని నవ్వించడానికి రైలు కూత మాదిరి వేసినాడు. ఏదీ ఇంకోదాని మాదిరి లేదు.

"వేసిన ఈల మళ్ళీ వేసినాడా అన్నా ఆయన ఎప్పుడన్నా?" అన్నాడు కిషోర్ బాబు. "నేను మార్చినానని నువ్వు తిట్టినావు గాని, నాకంటే ముందు మార్చినోడు ఆయనే గదా."

గిద్యోను చేతిలో టీ చల్లారిపోయింది. ఆ స్టేజీలన్నిటి మీదా తనూ పక్కనే ఉన్నాడు. రికార్డు విని విని ఆ ఈలలన్నీ మరిచిపోయినాడు. ఇప్పుడు గుర్తొచ్చింది ఇంకోటి. ఒడ్డున వచ్చే ఈల ప్రతిసారీ ఒక్క మాదిరే ఉంటది. మధ్యలో చిన్నగా తెగి, మళ్ళీ అతుక్కుంటది. స్టూడియోలో జలుబు చేసిన ఆ ఒక్క రోజు ఈల. ప్రతి శనివారం తను స్పీకరు పెట్టి సముద్రానికి వినిపించిన ఈల.

అక్కడుండేది అన్న కాదు. అదేందో గాని, రికార్డు విని నేర్చుకుంది. తన మాదిరే, మక్కీకి మక్కీ. గిద్యోను గ్లాసు కింద పెట్టేసి లేచినాడు.

ఆ శనివారం స్పీకరు తీసుకుపోలేదు. వాడు పోయేసరికే మహాలక్ష్మి నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉంది, ఒడ్డుకి వీపు పెట్టి. కొత్త చీర కట్టుకుంది. వెనక్కి తిరక్కుండానే, వాయించు అబ్బయ్యా, ఈ పొద్దు వచ్చేస్తాడు అన్నది. ఈడ్చుకొస్తే వస్తది, రేపు మళ్ళీ పోతది. వాడు నీళ్ళ అంచున నిలబడే మొదలుపెట్టినాడు. ట్యూను ఎక్కతా ఉంది. గాలి ఆగింది. నీళ్ళు కూడా అల లేకుండా పరుచుకున్నాయి. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

ఆగాల్సిన చోటొచ్చింది. వాడి అరచెయ్యి అలవాటుగా తీగల మీదికి పోబోయింది. ఈల అప్పుడే మొదలైంది, ఆమెకి మూరెడు దూరంలో, అక్కడ మనిషి లేడు, నీళ్ళే ఉన్నాయి. గిద్యోను చెయ్యి వెనక్కి లాక్కుని తీగల్ని ఒక్కసారిగా చరిచినాడు. ఆగలేదు. ఏ స్వరం దొరికితే అది, పెళ్ళి డప్పులదీ, చర్చి పాటలదీ, ఏరియేటరు చక్రం కొట్టుకునేదీ, చేతికొచ్చిందంతా ఆ ఖాళీలోకి తోసినాడు. ట్యూను దిగాల్సినచోట ఇంకా పైకి ఎక్కించినాడు. వినసొంపుగా లేదు, నిజం చెప్పాలంటే చెవులు మూసుకోవాలనిపించే వాయింపు అది. ఈల తెగింది, మళ్ళీ అతకబోయింది, అతికే చోటు దొరకలేదు. నేర్చుకున్నది ఒక్కటే గనక ఇంకోటి వెయ్యడం దానికి రాలేదు. తీగ ఒకటి తెగి వాడి చెంప మీద కొట్టింది. వాడు వాయిస్తానే ఉన్నాడు, నీళ్ళ మీద మళ్ళీ గాలి లేచి అలలు కదిలేదాకా.

అంతటితో ఆగింది. మహాలక్ష్మి చాలాసేపు చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత ఇటు తిరిగి, తడిసిన చీర ఈడ్చుకుంటా, వాడి ఎదటికి వచ్చింది.

"సముద్రం కూడా చంపలేదు గిద్యోనూ ఆయన్ని," అన్నది. "ఈ పొద్దు నువ్వు చంపినావు."

అది అన్న కాదు వదినా అని నోటిదాకా వచ్చింది వాడికి. చెప్పుంటే ఏమై ఉండేది? అన్న కాకపోతే, అన్న ఇంకా ఎక్కడో ఉండాడని ఆమె మళ్ళీ ఒడ్డున కూర్చునేది. గిద్యోను ఆ మాట మింగేసినాడు. చెంప మీద నెత్తురు కూడా తుడుచుకోలేదు.

"అవును వదినా," అన్నాడు. "నేనే చంపినాను. ఇంటికి పోదాం రా."

ఆమె ఇసకలో కూలబడి ఏడ్చింది. బోటు తిరగబడిన రోజు నించి ఆమె ఏడవడం ఊళ్ళో ఎవురూ చూడలేదు. కోడల్ని వెతుక్కుంటా మస్తానమ్మ ఒడ్డుకి వచ్చి, ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, ఏడువమ్మా ఏడువు అని వీపు నిమరతా కూర్చుంది.