బొట్టు నాకు, గీత ఆమెకు

మా బాపుది మంచిర్యాలలో చిన్న సామిల్లు. టేకు దర్వాజలు, కిటికీలు కోసే మిల్లే అది. కొన్నేళ్లుగా హైదరాబాదు నుంచి వేరే రకం మనుషులు వస్తున్నారు. వాళ్లకు దూలాలు వద్దు, దర్వాజలు వద్దు. పెన్నులు, దువ్వెనలు, నగల పెట్టెలు చేసుకోవడానికి మంచి చారలున్న కట్టెను జానెడు దిమ్మెలుగా కోసి ఇమ్మంటారు. దానికి దిరిసెన చేవ బాగుంటుంది. వాళ్లు దాన్ని వాల్‌నట్ అంటారు. మాకు వాల్‌నట్ ఎక్కడిది, దిరిసెనే. గోధుమరంగు చేవలో నల్లటి చారలుంటాయి. కొమ్మ చీలే పంగ దగ్గర ఆ చారలు మెలికలు తిరిగి, నీళ్లు పోసి చూస్తే కదులుతున్నట్టే ఉంటాయి.

ఎక్కడ పడితే అక్కడ కోస్తే ఆ మెలికలన్నీ రంపపు పొట్టులో కలిసిపోతాయి. అందుకని ముందు చాక్‌పీసుతో గీత గీయాలి. అసలు పనంతా ఆ గీతలోనే ఉంది. తర్వాత గీసినవాళ్లే పక్కన నిలబడి దుంగను నెడితే, రంపం దాని వెంట పోతుంది, అంతే.

ఆ చాక్‌పీసు ఒక్కనాడు కూడా నా చేతికి రాలేదు. చిన్నప్పుడు ఎంత బతిమాలానో. ఆడపిల్లకు మిషన్ దగ్గర ఏం పని, అవ్వ దగ్గరికి పొమ్మనేవాడు బాపు. సరే, ఆడపిల్లకు పని లేదంటున్నాడు కదా అని నోరు మూసుకున్నాను. పెళ్లయి పెద్దపల్లి వచ్చేశాను. తర్వాత తమ్ముడికి భైంసా పిల్లను చేశారు. తమ్ముడు దుబాయ్ వెళ్లాక ఆ పిల్ల రోజూ బాపుకు అన్నం గిన్నె తీసుకుని మిల్లుకు పోవడం మొదలుపెట్టింది. అన్నం పెట్టి రావలసిన పిల్ల అక్కడే నిలబడి చూసింది, అడిగింది, నేర్చుకుంది. కొన్నాళ్లకు గీతలన్నీ ఆమెవే. మరి ఆమె ఆడపిల్ల కాదా?

నాకు కడుపు మండింది. మండిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఫోన్ చేస్తే బాపు నోట ఆమె మాటే. కోడలు గీస్తే ఒక్క దిమ్మె వేస్టు పోదట. కోడలి కన్ను మామూలు కన్ను కాదట. అబ్బో! నేను ఫోన్ పక్కన పడేసి అంట్ల గిన్నెల మీద పడేదాన్ని. ఆ చప్పుడు వినే మా ఆయన, ఎవరి ఫోన్ వచ్చిందో అవతలి గదిలోంచి చెప్పేవాడు.

నాకేమీ దక్కలేదని అనను. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పెద్ద దుంగ రంపం ఎక్కే ముందు దానికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. అది ఇంటి ఆడబిడ్డే పెట్టాలి. అందుకని మంచి దుంగ వచ్చినప్పుడల్లా నాకు కబురు వస్తుంది. నేను పట్టుచీర కట్టుకుని బస్సు దిగుతాను. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పక్కకు జరుగుతాను. అప్పుడు ఆమె నూలు చీర కొంగు బొడ్లో దోపుకుని, చాక్‌పీసు పట్టుకుని ముందుకు వస్తుంది. మర్యాద నాకు, పని ఆమెకు. ఆ మర్యాదను చూస్తే నాకు ఒళ్లు మండేది.

పోయిన వానాకాలం గాలిదుమారానికి పెద్దపల్లిలో మా పెరట్లో దిరిసెన పడిపోయింది. పంగ ఇంత లావు. ఎవరికీ అమ్మేది లేదని మా ఆయనకు గట్టిగా చెప్పి, వ్యానులో వేయించి, నేనే ముందు సీట్లో కూర్చుని మంచిర్యాల తీసుకెళ్లాను. చెట్టు నాది, గీత కూడా నేనే గీస్తాను. పైగా దాని సంగతి నాకొకటి తెలుసు. బట్టల తీగ కట్టుకోవడానికి ఎప్పుడో మా అత్త దానికి మొల కొట్టింది. బెరడు పెరిగి ఆ మొలను మింగేసింది. మొలకు తగిలితే రంపం పళ్లు ఊడి ఎదుటివాళ్ల మీదికి ఎగురుతాయి. మరదలు ముందు తన గీత గీస్తుంది. మిషన్ వేయకముందే నేను ఆగమంటాను, మొల చోటు చూపిస్తాను. ఆ కన్ను ఎంత గొప్పదో బాపుకు అప్పుడు తెలుస్తుంది. చాక్‌పీసు తీసి నా చేతిలో పెడతాడు. దారి పొడుగునా నాకు ఇదే ఆలోచన.

బొట్టు పెట్టాను. మరదలు దుంగ కోసిన ముఖం మీద చెంబెడు నీళ్లు పోసి, కొంగుతో తుడిచి, వంగి చాలాసేపు చూసింది. చారలు ఒక్కసారిగా పైకి తేలాయి. మిల్లులో పనివాళ్లు కూడా దగ్గరికి వచ్చారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె గీయలేదు. ఒక చోట వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"వదినె, దీనికి మొల గిట్ల కొట్టిండ్రా? గీడ నల్లగ దిగింది."

ఇనుము దిగిన చోట దిరిసెన చేవ నల్లబడుతుందట. నాకేం తెలుసు! ఆ చెట్టు కింద ఏళ్లకేళ్లు బట్టలు ఆరేసింది నేను, చూసి చెప్పింది ఆమె. బాపు అప్పుడే మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఉంది, మా అత్త కొట్టింది అని చెప్పేసి, ఇవాళ గీత నేను గీస్తాను, చెట్టు నాది అన్నాను. బొట్టు పెట్టావు కదా, ఇక జరుగు బిడ్డా అన్నాడు బాపు.

"కోడలికి ఇయ్యొచ్చు గని నాకు ఇయ్యరాదా బాపు? చిన్నప్పటి సంది అడుగుతున్న."

పనివాళ్లు దూరం జరిగారు. బాపు తలకు చుట్టుకున్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు.

"నీ చేతికేమన్న అయితే నేను బతుకుతనా బిడ్డ? గా రంపం ఎందరి వేళ్లు తిన్నదో నాకు ఎర్కనే. కన్నబిడ్డను దాని ముంగట ఎట్ల నిలవెడ్త?"

నా కోపమంతా ఎటు పోయిందో పోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మాట కోసమే పుట్టినప్పటి నుంచి కాచుకుని కూర్చున్నట్టు, అంతమంది ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అవతల మరదలు ఉన్న సంగతే మర్చిపోయాను.

"మరి నాయి చేతులు గావా మామా?"

గట్టిగా కూడా అనలేదు. బాపు మిషన్ బెల్టు దగ్గరికి పోయి, బిగువుగానే ఉన్న దాన్ని మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. ఆమె వంగి, మొలను తప్పించి, పంగలోని మెలిక ఒక్కటీ చెడకుండా గీత గీసింది. తర్వాత లేచి నిలబడి, చేతికంటిన సుద్ద చీరకు తుడుచుకుంటూ, నా పట్టుచీర నుంచి నా మొహం దాకా ఒకసారి చూసింది. ఆ చూపు ఏమిటని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లూ నేను ఆమెను చూసింది ఆ కళ్లతోనే.