కొమ్ములు కోయించుకున్న నరకం

లూసీ ఆంటీకి భయమంటే తెలియదని అమెరికాలో, రెడ్‌మండ్‌లోని తెలుగు చర్చివాళ్లంతా అనుకునేవారు. అబద్ధం! ఏళ్ల తరబడి పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషికి భయం తెలియకేం? పసివాళ్ల మొహంలో దాన్ని ఇట్టే పట్టేసేది. అందుకే 2009లో ఒకసారి, మోజెస్ కూతురు అబిగేల్ సండే స్కూల్లో బిక్కచచ్చి కూర్చుంటే, పాఠం ఆపేసి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.

సంగతేమిటంటే, మోజెస్ గుడివాడ నుంచి తెచ్చిన రెండు దారుల పటం హాల్లో తగిలించాడు. ఇరుకు దారి పరలోకానికి, విశాలమైన దారి అగ్నిగుండానికి. ఎనిమిదేళ్ల పిల్ల ఆ హాలు దాటి వంటింట్లోకి కూడా ఒంటరిగా వెళ్లడం మానేసింది. మోజెస్ చర్చిలో పెద్ద. అతనికి కోపమొస్తే ఆవిడ సండే స్కూల్ ఊడినట్టే. ఆ క్లాసంటే ఆవిడకు ప్రాణం. అయినా సరే, అక్కడ ఏం బొమ్మలున్నాయో మోజెస్‌కి చెప్పకుండా, మ్యూజియంకని పిల్లను కారెక్కించుకుంది. ఏం గుండె అండీ ఆవిడది!

రిటైరయ్యాక ఆవిడ సియాటిల్‌లో ఒక మ్యూజియంలో సందర్శకులకు బొమ్మల గురించి చెప్పేది. అప్పుడక్కడ జపాన్‌వాళ్లు చెక్క అచ్చులతో వేసిన బొమ్మల ప్రదర్శన, అందులో బౌద్ధుల నరకాన్ని ఆటపట్టించిన బొమ్మలు. మన యముడే అక్కడికెళ్లి ఎన్మా అయ్యాడు. ఆ బొమ్మలు వేసింది దొరల ఫ్యాషన్లు జపానులో దిగిన కాలంలో. ఎన్మా క్రాపు చేయించుకుని కోటు తొడుక్కుంటున్నాడు. భటులు వరసలో నిలబడి రంపంతో కొమ్ములు కోయించుకుంటున్నారు.

"ఆంటీ, ఆ డెమన్ క్రై చేస్తోంది!" అంది అబిగేల్.

"ఏడవడూ మరి? ఎవరూ భయపడకపోతే జాబ్ పోతుందిగా, పాపం."

పిల్ల పగలబడి నవ్వింది.

పిల్ల ఇంట్లో అంతా చెప్పేసినట్టుంది, ఆదివారం చర్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మోజెస్ పట్టుకున్నాడు. "నరకం జోకా ఆంటీ? ఇలా చూపిస్తే రేపు దానికి భయం, భక్తి ఎలా వస్తాయి?"

"భక్తి నేను నేర్పుతా బాబూ. భయం మాత్రం నావల్ల కాదు. క్లాస్ తీసేస్తావా, తీసెయ్." మాట గట్టిగానే అంది గానీ, విడిచిన చెప్పుల్లోనే మళ్లీ కాళ్లు పెట్టేసింది.

మోజెస్ గుమ్మం తలుపు దగ్గరికి లాగాడు. లోపల పిల్లలు పాట మొదలుపెట్టారు.

"ఆ పటం మా నాన్నది ఆంటీ," అన్నాడు గొంతు తగ్గించి. "చిన్నప్పుడు దాని కిందే నాకు పక్క వేసేవారు. ఇప్పటికీ లైట్ ఆర్పితే నిద్ర పట్టదు. ఆ ఎగ్జిబిషన్‌కి... నన్ను కూడా తీసుకెళ్తారా?"