ఉత్త చీర ఎట్ల పంపేది?

‘తెలియని పసుపు రంగు పొడి’ అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. దాని పక్కన ‘తెలియని ఎర్ర పొడి’. ఆ తర్వాత ‘గింజలు’. ఆ తర్వాత ‘ఎండిన ఆకులు’. హిందూపురం ఇంటర్నెట్ సెంటర్లో, మిట్టమధ్యాహ్నం, ఒళ్లో మూడేళ్ల కూతురితో కూర్చుని ఆ జాబితాను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ రాసిన మెయిల్ అది. ఇంటర్నెట్ వేలంలో ఆమె నా దగ్గర కొన్న పట్టుచీర పార్సిల్‌ను అక్కడి తనిఖీవాళ్లు విప్పారట. లోపల ఇవన్నీ దొరికాయట. ఇవేమిటో పది రోజుల్లోగా రాసి పంపకపోతే చీరతో సహా కాల్చేస్తారట. ‘దయచేసి చెప్పండి, మీరు నాకు ఏం పంపారు?’ అని చివర్లో అడిగింది. నేను పంపింది చీర. పోస్టాఫీసు ఫారంలో ‘పట్టుచీర, ఒకటి’ అని రాసి సంతకం పెట్టింది కూడా నేనే.

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఉండేదని ఎవరైనా అంటే అది మర్యాదకు అన్నట్టే. (పిల్లలు రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము డాక్టరు ఎదుట తుమ్మాల్సిందే.) అలాంటిదాన్ని, వేలం ఫారంలో ‘విదేశాలకు పంపుతారా?’ అన్న గడిలో టిక్కు పెట్టడానికి కారణం మా అత్త. ధర్మవరంలో వయసంతా మగ్గం మీదే గడిపిన మనిషి. చూపు తగ్గి మగ్గం విప్పేసే ముందు ఆఖరుగా ఒక చీర నేసింది. ఆవపువ్వు రంగు ఒళ్లు, వంకాయరంగు అంచు. అంగళ్లవాళ్లు ‘ఈ రంగులు ఇప్పుడెవరు కడతారమ్మా’ అని తిప్పి పంపారు.  అత్త ఆ చీరను బీరువాలో పెట్టకుండా మంచం మీద తలగడ పక్కనే పెట్టుకునేది. డిగ్రీ చదివి, ఆరు నెలలు కంప్యూటరు కూడా నేర్చుకున్న కోడలిని, చూస్తూ ఊరుకోలేకపోయాను.

టిక్కు పెట్టడానికి ముందు పెద్ద చర్చే జరిగింది. మా ఆయన పెనుకొండలో గుమాస్తా, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. “పక్కింటికి ఇచ్చిన గిన్నే తిరిగి రాదు మనకు. సముద్రాలు దాటించేది యాల?” అన్నాడు. ఇంటర్నెట్ సెంటర్ నడిపే భాయ్ కూడా అదే పాట. “మన దేశంలోనే అమ్ముకోక్కా. ఈడ ఏమన్నా తకరారు వస్తే బస్సెక్కి పోయి కొట్లాడొచ్చు. ఆడికి యా బస్సు పోతాది?” అత్త మాత్రం ఫోనులో ఒక్క మాటతో తేల్చేసింది. “పట్టుచీర కట్టాలనుకున్న ఆడది యాడుంటే ఏమే? కట్టనీ.” వారం తిరక్కుండా ఆ ఆస్ట్రేలియా ఆవిడ వేలంలో చీరను పాడుకుంది. చిన్నప్పుడు వాళ్ల పొలాల్లో పూసే పువ్వు అచ్చం ఈ రంగేనని రాసింది. ఆ సంగతి విన్నాక అత్త ఆ చీరను తలగడ పక్కనుంచి తీసింది, తానే మడతపెట్టి మాకు పంపింది.

ఇప్పుడు ఆ చీరనే కాల్చేస్తామంటున్నారు. నా మొహం చూసి భాయ్ వచ్చి మెయిల్ చదివాడు. “పొడులేందక్కా?” అన్నాడు, గొంతు తగ్గించి. పక్క కుర్చీలో ఉద్యోగం దరఖాస్తు నింపుకుంటున్న అబ్బాయి కూడా ఆగి చూశాడు. “పసుపు, కుంకుమ భాయ్. పొట్లాలు కట్టి నేనే పెట్టినా. చీర ఇస్తూ పసుపు కుంకుమ పెట్టకపోతే ఎట్లా?” అన్నాను. భాయ్ నిట్టూర్చాడు. “సరే, అవి నువ్వే పెడ్తివి. గింజలు ఎవరు పెట్టిరి?” అది నాకూ తెలియదు. అప్పటిదాకా ఒక్క నేరమే చేశాననుకున్నాను. రెండో నేరం నాకు తెలియకుండానే జరిగిపోయింది.

అత్త పక్కింటి ఫోనుకు చేశాను. ఆమె రాగానే అడిగాను. “చీరలో ఏమన్నా పెట్టింటివా అత్తా? గింజలు?”

“గింజలు యాడివే? బియ్యం. ఒడిబియ్యం. మడత లోపల దోసెడు మూటగట్టి పెట్టినా, రెండు వక్కలు కూడా ఏసినా.”

“బియ్యమా! నాకు చెప్పల్యా?”

“చెప్పేదేముండాది? ఉత్త చీర ఎట్ల పంపేది? నీ పెండ్లిలో నేను ఉత్త చీర పెట్టింటే మీ అమ్మ ఊరకుండునా?”

ఊరుకునేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.  చీర కాల్చేస్తారన్న మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “మంచిగా చేరిందా?” అని అడిగితే “దారిలో ఉండాది” అని ఫోను పెట్టేశాను.

ఇక మిగిలినవి ఆకులు. సాయంత్రం మా ఆయన రైలు దిగి వచ్చేసరికి గడపలోనే నిలేశాను. ఈయన ఏ ఆచారాన్నీ నమ్మడు. నేను పొట్లాలు కడుతుంటే ‘చీరకు పసుపు తినిపిస్తావా’ అని ఎగతాళి చేసిన మనిషి. పెనుకొండలో దర్జీ చేత పార్సిల్‌కు తెల్లగుడ్డ కుట్టించి, నేను సంతకం పెట్టిచ్చిన ఫారంతో పోస్టు చేసింది ఆయనే. నేను అడగ్గానే చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. “పురుగు పడుతుందని... గుప్పెడు వేపాకు ఏసినా. మా అమ్మ ఆఖరి చీర కదా.” ముగ్గురం, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒక్కో ఊళ్లో ఒక్కో వస్తువు చేర్చి, నా సంతకం కింద దేశం దాటించామన్నమాట. “నన్ను జైల్లో పెడతారు” అన్నాను. అది మెల్లగా అన్నాననే అనుకున్నాను. ఆరేళ్ల మా వాడు విన్నాడు. మరుసటి రోజు బడిలో “మా అమ్మ ఆస్ట్రేలియాకు బియ్యం పంపింది, పోలీసులు వస్తారు” అని ప్రకటించి వచ్చాడు. వాళ్ల టీచరమ్మ నన్ను గేటు దగ్గర ఆపి, “సోనా మసూరేనా?” అని అడిగింది.

తనిఖీవాళ్లకు చూపించమని ఆవిడకు జవాబు రాయడానికి భాయ్ దగ్గరే కూర్చున్నాను. పసుపంటే మేము కూరలో వేస్తాం, మొహానికి రాస్తాం, గడపకు పూస్తాం, దెబ్బ తగిలితే అద్దుతాం అని ఇంగ్లీషులో రాసి చూపించాను. భాయ్ తల పట్టుకున్నాడు. “ఒకే పొడి కూరకూ, మొగానికీ, గడపకూ అంటే ఎవరక్కా నమ్మేది? ఇంకా అనుమానం పడతారు.” కొట్టేశాను. కుంకుమ గురించి, ఆడవాళ్ల ఒళ్లో పోసే ఒడిబియ్యం గురించి ఎంత రాసినా అర్జీలాగే వచ్చింది. చివరికి అన్నీ చెరిపి ఉన్నది రాశాను. ఈ చీర మా అత్త చేతి ఆఖరి చీర. మా వైపు ఆడమనిషికి చీర ఒక్కటే ఇవ్వం, కట్టుకునే ఆమె ఇల్లు నిండుగా ఉండాలని వీటిని కలిపి ఇస్తాం. మీ చట్టం మాకు తెలియదు, తప్పయింది. అవన్నీ పారేయండి, చీరను మాత్రం కాల్చకండి. అది చదివి భాయ్ ఆ రోజు గంటకింతని డబ్బులు లెక్క వేయలేదు.

ఎనిమిది రోజులు పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే, నోటీసేమోనని వంటింట్లోకి పరిగెత్తాను. తొమ్మిదో రోజు సాయంత్రం మెయిల్ వచ్చింది. పొడులు, గింజలు, ఆకులు తీసేసి చీర ఇచ్చారట. కట్టుకోవడం రాక ఆవిడ దాన్ని భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడిందట. కింద ఒక ఫిర్యాదు కూడా రాసింది. ‘మీ ఉత్తరం చదివాక, వాళ్లు తీసేసినవి కూడా నావే కదా అనిపించింది.’ ఫోనులో అత్తకు అంతా చెప్పాను, కాల్చబోయిన సంగతి సహా.  అంతా విని అత్త అంది, “సూడు, యాడో పుట్టిన ఆయమ్మకు తెలిసిపాయ. నీ మొగునికే ఇంకా తెలీదు.” (వేపాకు సంగతి మాత్రం నేను చెప్పలేదు. అది ఆయన పరువు.)

ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, బెల్లు వినగానే వంటింట్లో దాక్కున్న అప్పటి నా మీద నవ్వూ వస్తోంది, కొంచెం ముద్దూ వస్తోంది. అంత భయపడి కూడా ఆ గడిలో టిక్కు తీసేయాలని ఒక్కసారీ అనుకోలేదు చూడండి.

ఆ మెయిల్ వచ్చిన మర్నాడు పొద్దున ఇడ్లీలు తింటూ మా వాడు అడిగాడు, “మా, పోలీసులు రారా ఇంక?” గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది. రారని చెప్పాను. “మళ్లా బయటి దేశానికి పంపుతావా?” చిన్నది కూడా నోట్లో ఇడ్లీతో తలెత్తి చూసింది.

“పంపుతా నాయనా,” అన్నాను. “చీర పార్సిల్‌లో పంపుతా. పసుపు, కుంకుమ, ఒడిబియ్యం ఉత్తరంలో రాసి పంపుతా.”