తీసింది తిరిగి ఇచ్చి చూడు

ఈ ఉదయం భూపాలపల్లిలోని మా కాలేజీ ప్రయోగశాలలో ఫ్రిజ్‌లోంచి చిన్న సీసా తీస్తే అరచెయ్యి జివ్వుమంది. అందులోని తెల్లపొడిని నీళ్లలో వేసి కదిపాను. చూస్తుండగానే కరిగిపోయి తేటనీళ్లే మిగిలాయి. అది కొలెస్ట్రాల్. నీళ్లంటే గిట్టని కొవ్వుజాతి పదార్థం. కానీ ఆ పొడిలో గిన్నెలాంటి ఒక చక్కెర అణువు దాన్ని కడుపులో దాచుకుని నీళ్లలోకి దింపుతుంది. ఆ పొడిని నాకు మొదట చూపించింది నా పరిశోధన గురువు, కురవి నుంచి వచ్చిన సరోజన మేడం.

నాది కొడకండ్ల. మా ఇంట్లో పరిశోధన దాకా వచ్చింది నేనే మొదలు. అప్పట్లో నా పని మేక రక్తకణాల మీద. వాటి మీదికి ఆ చక్కెర గిన్నెలను ఖాళీగా వదిలితే అవి కణం పొరలోని కొలెస్ట్రాల్‌ను లాగేస్తాయి. అలా లాగేసిన కణాలను, మామూలు కణాలు తట్టుకునే పలుచటి ఉప్పునీళ్లలో వేస్తే పగిలి, నీళ్లు ఎర్రబడ్డాయి. కొలెస్ట్రాల్ పోయింది కాబట్టే పగిలాయని రాసి పొంగిపోయాను. వచ్చే సోమవారం సమీక్షలో ఆ మాట నిలబడితేనే నా పరిశోధన సాగేది.

మేడం నా కాగితం చూసింది. "తీసి చూసినవ్. మళ్ల ఇచ్చి చూసినవా బిడ్డా?"

"ఎందుకు మేడం? కనపడుతనే ఉంది గద."

"మా అవ్వకు గూడ గట్లనే కనపడేది. నాకు జరమొస్తే తాయత్తు కట్టేది, దవాఖాన గోలీ గూడ మింగిచ్చేది. తగ్గితే పేరు తాయత్తుకే! నీ కణం గిన్నె చేసిన ఇంకేదో గాయంతోటి పగిలిందేమో, ఎట్ల తెలుసు? నింపిన గిన్నెతోటి కొలెస్ట్రాల్ తిరిగి ఇయ్యి. కోలుకుంటే నీ మాట నిజం."

తిరిగి ఇచ్చాను. కణాలు కోలుకోలేదు, ఉప్పునీళ్లలో మళ్లీ పగిలాయి. ఆ ఫలితం రాసిన కాగితం చింపబోతే మేడం నా చెయ్యి పట్టుకుంది.

"చింపకు. సోమవారం గిదే చూపెట్టు."

"నవ్వుతరు మేడం."

"నవ్వనీ. మనం మంత్రగాళ్లమా, ఓటమి దాచుకునేతందుకు?"

మన దగ్గర నమ్మకాలకు కొదవ లేదు. నమ్మినదాన్ని పరీక్షకు నిలబెట్టే ధైర్యానికే కరువు. ఆ కరువు గుడి మెట్ల మీదే కాదు, తెల్లకోటు లోపల కూడా ఉంటుందని ఆమె నా మీదే నిరూపించింది.

సమీక్షలో ఆ కాగితమే చూపించి "కారణం ఇంకా తెలియదు" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. సమీక్షకు వచ్చినవాళ్లలో పెద్దాయన మాత్రం "మరి ఏం చేస్తావు?" అని అడిగాడు. "ఖాళీ గిన్నెల మోతాదు ఎక్కువైందేమో, తగ్గించి చూస్తాను" అన్నాను. మూడు నెలల గడువిచ్చారు. మోతాదు తగ్గించి కొలెస్ట్రాల్ తీశాను, సగం కణాలకు తిరిగి ఇచ్చాను, అన్నిటినీ ఉప్పునీళ్లలో వేశాను. ఇవ్వని కణాలు మునుపటిలాగే పగిలాయి; ఇచ్చినవి ఈసారి పగలకుండా అడుగున ఎర్రగా పేరుకున్నాయి, పైన నీళ్లు తేటగా నిలిచాయి. మేడం సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "ఇగ ఇప్పుడు రాయి" అంది, అంతే.

ఇందాక నా విద్యార్థిని రజిత ఎర్రబడ్డ సీసా ఎత్తి పట్టి "అయిపోయింది మేడం!" అని కేక వేసింది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న, రేగొండ ఊరి నుంచి వచ్చే పిల్ల అందుకుంది: "ఏందే అయిపోయేది? మళ్ల ఇచ్చి చూసినవా? మేడం గూడ గిట్లనే ఎగిరి కిందపడ్డది, గోడ మీద సూడు!"

గోడ మీద, నేను చింపబోయిన ఆ కాగితం అంచు చిరిగి ఇప్పటికీ అతికే ఉంది. పొద్దున్న కొలెస్ట్రాల్ కరిగించి ఉంచిన తేటనీళ్ల సీసాను రజిత చేతిలో పెట్టాను.